పెట్టిన కాలు ఎత్తొద్దు

మరియంబీ మనుషుల ముఖాలు చూసేది కాదు, కాళ్లు చూసేది. మంత్రాలయానికి ఎగువన, తుంగభద్ర ఒడ్డున ఉన్న బండరేవులో మోకాటిలోతు నీళ్లలో నిలబడి, పుట్టి ఎక్కే ఆడవాళ్లకు చేయి అందించడం ఆమె పని. పుట్టి అంటే వెదురు బద్దలతో పెద్ద గంపలా అల్లి, అడుగున గుడ్డ పరిచి తారు పూసిన గుండ్రటి పడవ. దానికి ముందూ లేదు, వెనకా లేదు. ఎటు బరువు పడితే అటు ఒరుగుతుంది. పొడుగాటి పడవ మనిషి చేసే తప్పును కొంతయినా ఓర్చుకుంటుంది గానీ పుట్టికి ఆ ఓర్పు లేదు. మరియంబీకి అసలే లేదు. అందుకే వాళ్లిద్దరికీ జోడు కుదిరిందని ఊళ్లో వేళాకోళం చేసేవాళ్లు.

ఆమె మొగుడు దస్తగిరి తెడ్డు వేసేవాడు. జతగాడు తిమ్మన్న ఒడ్డున నిలబడి మోకు పట్టుకునేవాడు. ఏరు దాటేవాళ్లందరూ భయపడేది నడి ఏటికే. అక్కడికి పోగానే కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంటారు. కానీ ఆ రేవులో నడి ఏట్లో మునిగిన పుట్టి ఒక్కటీ లేదు. పడ్డవాళ్లందరూ ఒడ్డునే, ఎక్కేటప్పుడే, భయం గుర్తుకు రాకముందే పడ్డారు. ఈ సంగతి చెప్పీ చెప్పీ మరియంబీ గొంతు బొంగురు పోయింది. వినే నాథుడు లేడు.

రేవు అంటే ఏటవాలుగా నీళ్లలోకి దిగిన నల్లబండ. వేసవిలో ఏరు సన్నబడితే పుట్టి అడుగు బండకు ఆనుకుని ఉంటుంది, పసిపిల్లలు కూడా ఎక్కొచ్చు. కొత్తనీళ్లు వచ్చాయంటే పుట్టి తేలిపోతుంది, బండ మీద పాచి జారుతుంది, బండకూ పుట్టికీ నడుమ జానెడు సందు పడుతుంది. సరిగ్గా ఆ సందు దగ్గరికి వచ్చాకే మనవాళ్లకు కుడికాలు గుర్తొస్తుంది.

కొత్త ఇంట్లోకి పోయినా, పెండ్లి పందిట్లోకి పోయినా కుడికాలు ముందు పెట్టాలి కదా. ఏటి మీదికి పోయేటప్పుడు మరీ. ఉరుకుంద ఈరన్న జాతరకు పోయేవాళ్లయినా, ఆవలి ఒడ్డు దర్గాకు పోయేవాళ్లయినా ఈ విషయంలో అందరిదీ ఒకే పట్టు. ఎడమకాలు పుట్టిలో పెట్టేస్తారు, నాలుక కరుచుకుంటారు, దాన్ని వెనక్కి తీసి కుడికాలు పెట్టబోతారు. వెనక్కి తీయాలంటే ఆ కాలితో పుట్టిని తన్నక తప్పదు. తన్నితే పుట్టి దూరం జరుగుతుంది. మనిషి సందులో పడతాడు.

మరియంబీ కూడా అలా పడ్డదే. ఆమెది పెద్దకడుబూరు దిక్కు మెట్ట పల్లె. పెండ్లయ్యేదాకా నీళ్లంటే బావిలో కనిపించేవే. కొత్త కోడలుగా దర్గా మొక్కు తీర్చడానికి పోతూ ఇదే రేవులో కాలు మార్చుకోబోయి సందులోకి జారింది. దస్తగిరి పుట్టికి అవతలి కొసన ఉన్నాడు. ఒడ్డున ఉన్న మగవాళ్లు కొత్త పెండ్లికూతురి ఒంటి మీద చేయి వేయొచ్చా కూడదా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లు చూసుకునేలోగా ఆమె మూడు గుక్కలు నీళ్లు తాగింది, మోకాలి కింద ఎముక చిట్లింది. కట్టు విప్పిన నాడే ఆమె చీర పైకి దోపుకుని రేవులోకి దిగింది. ఆడదానికి చేయి అందించడానికి ఆడది ఉండాలన్నది. కొన్నాళ్లు నవ్వారు. తర్వాత ఆమె లేకుండా ఆడవాళ్లు పుట్టి ఎక్కడం మానేశారు.

ఆమె సూత్రం ఒక్కటే. పెట్టిన కాలు ఎత్తొద్దు. ఏ కాలైనా సరే, పెట్టావంటే దాని మీదే బరువు వేసి, లోపలికి పోయి కూర్చో. ఈ మాట మెల్లగా చెబితే ఎవరూ వినరని మొదటి ఏడే తెలిసిపోయింది. అందుకని తిట్టేది. పెద్దా చిన్నా చూసేది కాదు. ఒకసారి, ఏరు నిండుగా ఉన్న రోజుల్లో, ఆదోని సంతలో పనులు చూసుకుని ఆవలి ఒడ్డుకు తిరిగి పోతున్న ఒక పెద్దమ్మ కాలు మార్చుకోబోయింది. మరియంబీ ఆమె పిక్క పట్టుకుని పుట్టిలోకి నూకింది.

"ఏమమ్మా, ఈ కాలు నీది కాదా? పక్కింటోళ్లనడిగి తెచ్చుకున్యావా? గొంతు సించుకుంటాండా, సెవుల్లో ఏం పెట్టుకున్యావు?"

పుట్టిలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. ఆ పెద్దమ్మ పేరు లాలాబీ అని మరియంబీకి అప్పుడు తెలియదు.

తెలిసింది ఆర్నెల్లకు. మరియంబీ ఒక్కగానొక్క కూతురు నసీబ్‌బీని చూడటానికి ఆవలి ఒడ్డు నుంచి పెండ్లివాళ్లు వచ్చారు. పిల్లవాడు ఖాసిం, పత్తి బండ్లు తోలేవాడు, రేవులో నసీబును చూసి మనసు పడ్డాడు. తండ్రి లేడు, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ తల్లి గడప బయట చెప్పులు విడుస్తుంటే, నీళ్ల చెంబు తెచ్చిన మరియంబీ ఆ కాళ్లు గుర్తుపట్టి, అక్కడే నిలబడిపోయింది.

లాలాబీ కూడా గుర్తుపట్టింది. చాప మీద కూర్చుని, తమలపాకు మడుస్తూ, అందరూ వినేటట్టే అన్నది.

"పిల్ల బాగుండాది. తల్లి నోరు ఈ పిల్లకు వచ్చిందేమో, అదొకటి సూసుకోండప్పా."

ఖాసిం పట్టు విడవలేదు కాబట్టి మాట కుదిరింది గానీ, ఆ మాట నసీబు గుండెల్లో ములుకులా ఉండిపోయింది. ఆ ఏడే శ్రావణంలో పెండ్లి జరిగింది. సాగనంపే రోజు పొద్దున తల దువ్వించుకుంటూ ఆ పిల్ల తల్లి చేతులు రెండూ పట్టుకుంది.

"అమ్మా, ఈ పొద్దు రేవులో నువ్వు నోరెత్తొద్దు. నువ్వు ఒక మాటంటే నీకు ఆడికి తీరిపోతాది. ఆమె నన్ను ఏండ్లకేండ్లు అంటాది."

మరియంబీకి ఏడుపొచ్చింది. తన నోటికి కూతురు భయపడే రోజు వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. బిడ్డ తల మీద చేయి పెట్టి, ఎత్తనని మాటిచ్చింది.

ఆ రోజు ఏరు బాగా లేదు. ఎగువన డ్యాము గేట్లు ఎత్తారు. ఎర్రటి నీళ్లు నురగ కక్కుకుంటూ, తుమ్మకంపలూ చెత్తా మోసుకుంటూ వస్తున్నాయి. బండ మీద కాలు ఆనడానికి చెక్కిన గాట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి.

"అక్కా, నీళ్లు పైపైకి వస్తాండాయి. మనోళ్లను తొందరగా ఎక్కమను," అన్నాడు తిమ్మన్న మోకు నడుముకు చుట్టుకుంటూ.

"రేపు పోకూడదా?" అని దస్తగిరి మెల్లగా అడిగి చూశాడు. పెండ్లికూతురు పొద్దుగుంకేలోగా తమ ఇంట్లో దీపం చూడాల్సిందే అన్నది లాలాబీ. దస్తగిరి ఏటిని చూశాడు, తెడ్డుతో లోతు చూశాడు. ఇప్పుడైతే పోవచ్చు, ఆలస్యమైతే పోలేమన్నాడు. ఆ మాటతో అందరికీ తొందర పట్టుకుంది. రేవులో తొందర కంటే చెడ్డది లేదని మరియంబీకి తెలుసు. పళ్లు బిగించుకుని నీళ్లలోకి దిగి పుట్టి అంచు పట్టుకుంది.

పెండ్లివాళ్లు తోసుకుంటూ ఎక్కారు. ట్రంకు పెట్టెను నడుమ పెట్టాల్సింది, అంచుకు పెట్టారు. మరియంబీ తిమ్మన్నకు కళ్లతో సైగ చేసింది. అతను చెప్పి లోపలికి జరిపించాడు. ఎమ్మిగనూరు దుప్పట్ల మూట నడుమ జాగా ఆక్రమించింది. లాలాబీ అంచుకు ఆనుకుని, ఒడ్డు వైపే ముఖం పెట్టి కూర్చుంది. ఇంకా పెండ్లికూతురు ఎక్కలేదు.

అదే మరియంబీ ప్రాణం తోడుతున్నది. కళ్లు సరిగా కనబడనివాళ్లూ, కడుపుతో ఉన్నవాళ్లూ, తడబడేవాళ్లూ ముందు ఎక్కి నడుమ కూర్చోవాలి. రేవులో అదే కట్టడి. నసీబుకు ఆ పూట కళ్లు కనబడవు. తల మీది నుంచి గడ్డం దాకా చాదర్ కప్పారు. కానీ పెండ్లికూతురు అందరి దగ్గరా సెలవు తీసుకుని చివరన ఎక్కడం ఆచారమని లాలాబీ అన్నది. మరియంబీ మొగుడి చొక్కా అంచు పట్టి గుంజింది. అతను ముఖం తిప్పుకున్నాడు.

"ఒక్క పూటే కదే. ఓర్సుకో," అన్నాడు.

ఓర్చుకుంది. జీవితంలో అంత కష్టపడి ఆమె ఏ పనీ చేయలేదు.

నసీబు బండ మీద నుంచి ఒక్కో అడుగూ దిగి వచ్చింది. ఈ రేవులో పుట్టిపెరిగిన పిల్ల, మామూలు రోజుల్లో పరుగెత్తుకుంటూ వచ్చి పుట్టిలోకి దూకేది. ఇప్పుడు తల్లి చేయి తడుముకుని పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి. మరియంబీ ఆ చేతిని గట్టిగా అదిమింది. పుట్టి ఒకసారి పైకి లేచి దిగింది. దిగిన క్షణంలో నసీబు కాలు చాపి, తల్లి నేర్పినట్టే, దగ్గరగా ఉన్న కాలు లోపల పెట్టింది. సరైన చోట పెట్టింది. బరువు కూడా వేయబోయింది.

అది ఎడమకాలు.

"కుడికాలు! కుడికాలమ్మా! నా ఇంటికి ఎడమకాలితో వస్తావా?" అని లాలాబీ కేక పెట్టింది.

నసీబు ఆగిపోయింది. తల్లి చేతిలో ఆ పిల్ల వేళ్లు ఒకసారి బిగుసుకున్నాయి. ఏం చేయమంటావని ఆ వేళ్లు అడుగుతున్నాయని మరియంబీకి తెలిసింది. నోటి దాకా వచ్చిన మాటను మింగింది. మాటిచ్చింది కదా. ఒక్క ఊపిరి సేపు నోరు మూసుకుంది. ఆ ఒక్క ఊపిరిలో నసీబు కాలు ఎత్తింది.

పుట్టి దూరం జరిగింది. పిల్ల సందులోకి పోయింది. చాదర్ నీళ్ల మీద పరుచుకుంది, దాని కింద తల కనబడలేదు. మరియంబీ చేతిలో మణికట్టు ఒక్కటే మిగిలింది. కోడలు పడిపోవడం చూసి లాలాబీ, ఆమె మంచితనం ఆమెది, పట్టుకోవాలని అంచు మీది నుంచి ముందుకు వంగింది. ఆమె వెనకే మిగిలినవాళ్లంతా లేచారు. పుట్టి ఒక పక్కకు ఒరిగి నీళ్లు లోపలికి దూకాయి. లాలాబీ తలకిందులుగా ఏట్లో పడింది. మరియంబీ రెండో చేయి చాపితే దొరికింది ఆమె కొప్పు. పట్టుకుంది.

అప్పుడు లేచింది ఆ నోరు. ఆవలి ఒడ్డున గొర్రెలు కాసేవాళ్లకు కూడా వినబడిందంటారు.

"కూసోండి! లేసినోళ్లను నేనే ఏట్లోకి నూకుతా, కూసోండి! తిమ్మన్నా, మోకు వదలొద్దు! ఓ ముసిల్దానా, కాళ్లు కొట్టుకోవద్దు, నోర్మూసుకుని నా మీద వాలు!"

కూర్చున్నారు. ఖాసింతో సహా అందరూ ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. పుట్టి సర్దుకుంది. సర్దుకున్న పుట్టి వరద తోపుకు తిరిగి బండ మీదికే రావడం మొదలుపెట్టింది. సందులో నసీబు ఉంది. అంత బరువు వచ్చి బండకు అదిమితే పక్కటెముకలు మిగలవు. దస్తగిరి ఒక్క ఉదుటున తెడ్డును అంచుకూ బండకూ నడుమ దూర్చి, దాని మీద ఒళ్లంతా వేసి నిలబడ్డాడు. తెడ్డు ఫెళ్లుమని పగిలింది. పగలడానికి పట్టిన ఆ కాస్త సేపట్లో మరియంబీ కూతుర్ని బండ మీదికి ఈడ్చింది. ఆమెతోపాటే లాలాబీని కూడా ఈడ్చింది, కొప్పుతోనే.

నసీబు దగ్గి దగ్గి నీళ్లు కక్కింది. ఎడమ చీలమండ దగ్గర చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. బతికింది. మరియంబీ బిడ్డ వీపు నిమురుతూ తలెత్తి చూసేసరికి లాలాబీ జుట్టు విరబోసుకుని, పైట జారి, తన చుట్టాలందరి ముందూ బండ మీద కూర్చుని ఉంది. లాలాబీ లేచి, చీర పిండుకుని, కోడలి కట్టు కోసం తన కొంగే చింపింది. మరియంబీ వైపు మాత్రం చూడలేదు.

ఇంకో తెడ్డు తెచ్చారు. ఈసారి మరియంబీ చెప్పినట్టే జరిగింది. సామాను నడుమ, పిల్ల సామానుకు ఆనుకుని, మిగిలినవాళ్లు చుట్టూ. నసీబు ఏ కాలు ముందు పెట్టిందో ఆమె చూడలేదు. అన్నేండ్లలో మొదటిసారి రేవులో ఆమెకు కాళ్లు కనబడలేదు, కన్నీళ్లే అడ్డమొచ్చాయి. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. పుట్టి నడి ఏటికి పోయింది, ఆవలి ఒడ్డు తాకింది.

ఆ తర్వాత ఏడాదిపాటు పిల్ల పుట్టింటికి రాలేదు. దస్తగిరి పిల్లను పండక్కి పంపమని ఒకటికి నాలుగుసార్లు చెప్పి పంపాడు. ఏరు దిగినాక చూస్తామన్నారు. ఏరు దిగింది, ఎండింది, పీర్ల పండగ వచ్చింది, రంజాన్ పోయింది. ఎవరూ రాలేదు. పిలవకుండా పోతే పిల్లకే తక్కువని దస్తగిరి భార్యను పోనీయలేదు. ఆవలి ఒడ్డు నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఒక మాట మోసుకొచ్చేవాళ్లు. "మీ వియ్యపురాలు ఊరంతా సెప్తాంది, నన్ను జుట్టు పట్టి ఏట్లో ఈడ్సిందని."

మరియంబీ కుంగిపోయింది. తిట్టినందుకు కాదు. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు గానీ, మింగిన ఆ ఒక్క ఊపిరే ఆమెను తినేసింది. మాట నిలబెట్టుకోబోయి బిడ్డను ఏట్లో పడేసింది. ఆ తర్వాత అరిచి బిడ్డ కాపురాన్ని పడేసింది. అరిచేదేదో ముందే అరిచి ఉండాల్సింది, మాట నిలబెట్టుకోబోయి రెండిటికీ చెడింది. అలా అనుకున్న ప్రతిసారీ మరుసటి రోజు రేవులో ఇంకా గట్టిగా తిట్టేది. జనం ఆమెకు పిచ్చి పట్టిందన్నారు.

మళ్లీ శ్రావణం వచ్చింది. ఉరుకుంద ఈరన్న జాతర రోజుల్లో ఆవలి ఒడ్డు నుంచే జనం ఎక్కువ. అందుకని సోమవారాల్లో మరియంబీ మొదటి పుట్టిలోనే ఆ ఒడ్డుకు పోయి, అక్కడి రేవులో నిలబడేది. ఆ రోజు తుంపర పడుతోంది. ఏరు నిండుగా ఉంది. తల మీద గోనెసంచి మడిచి వేసుకుని, నడుం వంచి, వచ్చే ప్రతి కాలూ చూస్తూ చేయి అందిస్తోంది. పసుపు పూసిన కాళ్లు, పగిలిన కాళ్లు, బురద కాళ్లు. జనం వెనక నుంచి తోస్తున్నారు. పుట్టి ఆగడం లేదు. ఎవరో ఒకరు పడేటట్టే ఉన్నారు.

ఒక కాలు వచ్చి బండ అంచున ఆగింది. ఉబ్బిన కాలు. కడుపుతో ఉన్న మనిషి కాలు. ఎడమ చీలమండ మీద తెల్లగా ఒక మచ్చ.

మరియంబీ చేయి మాత్రం చాపింది. తలెత్తే ధైర్యం చాలలేదు. ఆ కాలు వణుకుతోంది. వెనక ఎవరో తోశారు. ఆ వెంటనే, తోసినవాళ్ల చెవులు చిల్లులు పడేటట్టు ఒక కేక వినబడింది.

"యెవుర్రా నూకేది? కడుపుతో ఉన్న పిల్ల కనబడల్యా? నువ్వు పెట్టమ్మా నసీబూ. ఏ కాలైనా సరే. ఎడమది దగ్గరుంటే ఎడమదే పెట్టు. పెట్టిన కాలు మాత్రం ఎత్తొద్దు, ఎత్తినావంటే సంపుతా!"

ఆ కాలు పుట్టిలో పడింది. బరువు వేసింది. ఎత్తలేదు.

మరియంబీ పట్టుకున్న చేతిని వదల్లేక వదల్లేక వదిలింది. గోనెసంచి కిందినుంచి తల్లి ముఖం చూసిన నసీబు "అమ్మా" అని ఏడ్చేసింది. ఈలోగా ఇంకో కాలు వచ్చింది. ఈ కాలు ఆమెకు బాగా తెలుసు. అది కూడా ఎడమదే. లాలాబీ తన బరువంతా మరియంబీ భుజం మీద మోపి నిలబడింది, గొంతు తగ్గించింది.

"కాన్పుకు తీసకొస్తాండా వదినా. ఇన్నాళ్లూ పంపలేదని కోపంగా ఉండావా?"

"నీకే కోపమని..." అన్నది మరియంబీ.

"కోపమా? అది ఆ పొద్దే ఏట్లో పోయింది. నా జుట్టు దొరక్కపోయింటే నేనూ పోయేదాన్నే, ఊరంతా సెప్పుకుంటాండా. భయం మాత్రం పోల్యా. ఈ రేవు తలుసుకుంటే నిద్ర పట్టదు. నా మాటతోనే కదా పిల్ల కాలు ఎత్తింది. పురుడు పోసుకునేదానికి తల్లి కావాలని పిల్ల అంటే ఇంక తప్పక తీసకొచ్చినా."

లాలాబీ పోయి కోడలి పక్కన, సామానుకు ఆనుకుని నడుమ కూర్చుంది. తెడ్డు పట్టుకుని పుట్టిలోంచి అంతా చూస్తున్న దస్తగిరి కళ్లు తుడుచుకుని, పెండ్లాన్ని కదిలించాడు.

"ఏమే, నోరు పడిపోయిందా? ఎక్కేవాళ్లను సూడు."

మాన్వి దిక్కు నుంచి వచ్చిన జాతరకు పోయే ఒకామె ఎడమకాలు లోపల పెట్టి, నాలుక కరుచుకుని, వెనక్కి తీయబోతోంది. మరియంబీ నోరు తెరిచేలోగా పుట్టి నడుమ నుంచి లాలాబీ ఆ మనిషిని తిట్టిన తిట్టుకు ఆమె కాలు ఉన్నచోటే ఉండిపోయింది.